వాకిట్లో పాత కారు – ఏం చేద్దాం?



ఇప్పుడు మన ఊళ్ళల్లో కూడా కార్లున్నాయి. ఒకరు కిరాయికి తిప్పడానికి కొన్నారు. ఒకరు గల్ఫ్ నుంచి వచ్చి పాత కారు కొన్నారు. ఒకరికి అన్నదమ్ముల పంపకంలో వచ్చింది. కొన్న రోజున కొబ్బరికాయ కొట్టాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. బాగానే తిరిగింది.

పదిహేనేళ్ళు గడిచాయి. ఇప్పుడది కదలడం లేదు. వేపచెట్టు కింద నిలబడిపోయింది. టైర్లలో గాలి లేదు. సీటు మీద కోడి గుడ్లు పెడుతోంది.

"ఉండనీలే. ముసలి ఎద్దయితే మేత అడుగుతుంది. కారేమన్నా అడుగుతుందా?" అంటాం.

అడగదు, నిజమే. కానీ ఊరికే పడి ఉన్న కారు కూడా మన మీద బరువే. ఎందుకు బరువో, దాన్ని ఎట్లా దించుకోవాలో ఈ పాఠంలో చదువుదాం.

ఊరికే ఉంటే ఏం నష్టం?

అన్నిటికంటే ముందు పిల్లల సంగతి. పిల్లలు ఆడుకుంటూ కార్లోకి ఎక్కుతారు. తలుపు పడిపోతుంది. లోపలినుంచి తీయడం వాళ్ళకు చేతకాదు. అద్దాలు మూసి ఉన్న కారు ఎండలో పొయ్యి మీది కుండలాగా వేడెక్కుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడి గ్రామంలో ఆగి ఉన్న కారులో చిక్కుకుని నలుగురు పిల్లలు ఊపిరాడక చనిపోయారు. కారు పాతదైనా, కొత్తదైనా తాళం వేసి పెట్టండి. తాళం చెవి పిల్లలకు అందకుండా దాచండి. తాళం పడని పాత కారయితే ఇంకా తొందరగా పంపించాలి.

రెండోది విషం. కారు బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి. ఆసిడ్ పడితే చెయ్యి కాలుతుంది. సీసం పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. ఇంజన్ ఆయిలు కారితే నేలలో ఇంకుతుంది. చేదబావి, బోరు దగ్గరుంటే నీళ్ళు చెడిపోతాయి.

మూడోది డబ్బు. ఇనుము తుప్పు పడుతుంది. ఈ ఏడు వచ్చే ధర వచ్చే ఏడు రాదు.

నాలుగోది పేరు. ఇదే చాలామందికి తెలియదు.

కారు ఎవరి పేరు మీద ఉంది?

కారుకు ఆర్.సి. ఉంటుంది. మన వాళ్ళు సి బుక్కు అంటారు. ఇప్పుడు చిన్న కార్డులాగా ఇస్తున్నారు. అందులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. కారు అమ్మేశాం, డబ్బు తీసుకున్నాం అంటే సరిపోదు. ఆర్.సి.లో పేరు మారాలి.

ఒక కేసు సంగతి వినండి. ఒకాయన 2007లో తన కారు అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి అమ్మాడు. అట్లా ఆ కారు ఎన్నో చేతులు మారింది. ఎవరూ ఆర్.సి.లో పేరు మార్చుకోలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయాడు. నష్టపరిహారం ఎవరు ఇవ్వాలి? కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018లో తీర్పు వచ్చింది. రికార్డులో పేరున్న మొదటి ఆయనే యజమాని అని కోర్టు చెప్పింది. ఎప్పుడో అమ్మిన కారుకు ఆయన బాధ్యుడయ్యాడు.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? అప్పు దొరుకుతుందని భార్య పేరు మీద కారు కొంటారు. తర్వాత ఆమెకు చెప్పకుండానే అమ్మేస్తారు. కారు పోతుంది, పేరు మిగిలిపోతుంది. రేపు నోటీసు వస్తే ఆమె పేరుకే వస్తుంది. అందుకే ఈ సంగతి ఆడవాళ్ళకు తెలియాలి.

ముందు కాగితాలు బయటికి తీయండి

ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఆర్.సి. తీయండి. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడకండి. అంకెలు మనకు తెలిసినవే. చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఐదు సంగతులు చూడండి.

1. యజమాని పేరు ఎవరిది?
2. రిజిస్ట్రేషన్ ఏ తేదీన అయింది?
3. ఏ తేదీ దాకా చెల్లుతుంది?
4. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్న నంబర్లతో కలుస్తున్నాయా?
5. ఫైనాన్సు వాళ్ళ పేరు ఇంకా ఉందా?

అప్పు తీరిపోయినా ఫైనాన్సు పేరు ఆర్.సి.లో అట్లాగే ఉండొచ్చు. అప్పుడు వాళ్ళ దగ్గర అప్పు తీరినట్టు కాగితం తీసుకోవాలి. ఫారం 35 మీద వాళ్ళ సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఆ రెండూ ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇస్తే పేరు తీసేస్తారు.

కారు మీద పోలీసు చలాన్లు ఉన్నాయేమో మీసేవలో అడగండి. ఉంటే కట్టేయండి.

యజమాని చనిపోతే?

భర్త పేరు మీద కారు ఉంది. ఆయన పోయాడు. దుఃఖంలో కారు సంగతి ఎవరికి గుర్తుంటుంది? అయినా ఇది వదిలిపెట్టకూడదు. చనిపోయిన 30 రోజుల్లోపల ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాలి. మూడు నెలల్లోపల ఫారం 31 తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. మరణ ధృవపత్రం కావాలి. వారసులు ఎవరో తెలిపే కాగితం కావాలి. దాన్ని తహసీల్దారు ఆఫీసు ద్వారా తీసుకోవచ్చు. గడువు దాటినా వెళ్ళండి. ఆలస్యానికి రుసుము కట్టి పని చేయించుకోవచ్చు. మీ పేరు మీదికి వచ్చాకే అమ్మండి. "కాగితాలన్నీ నేను చూసుకుంటా, కారు ఇచ్చెయ్యి వదినా" అనే మరిదికి కూడా ఇదే జవాబు చెప్పండి.

పదిహేనేళ్ళు నిండితే కారు లాక్కుంటారా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సొంత కారుకు అట్లాంటి భయం లేదు. ఢిల్లీలో గాలి చెడిపోయినందువల్ల పాత బండ్ల మీద వేరే ఆంక్షలు వచ్చాయి. ఆ వార్త విని ఇక్కడా అంతే అనుకుంటున్నారు. ప్రభుత్వం తన సొంత బండ్లను మాత్రం 15 ఏళ్ళు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి పక్కన పెడుతోంది.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి, బాగుంది అంటే మరో ఐదేళ్ళు పొడిగిస్తారు. దీని ఫీజు 600 రూపాయలుండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. కారుకు 20 ఏళ్ళు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో పెంచారు. హరిత పన్ను, ఇన్సూరెన్సు, రిపేరు ఖర్చు వేరు. ఇవన్నీ కలిపి లెక్క వేయండి. కారు వల్ల వచ్చే లాభం కంటే ఖర్చు ఎక్కువయితే దాన్ని వదిలించుకోవడమే మంచిది.

వదిలించుకునే దారులు

మొదటి దారి: నడిచే కారును అమ్మడం

కారు నడుస్తుంటే ఇదే మంచి దారి. ఒక్కరి మాటతో ధర తేల్చకండి. ఇద్దరు ముగ్గురు మెకానిక్కులకు చూపించండి. బేరం కుదిరాక ఫారం 29, ఫారం 30 నింపాలి. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపల అమ్మినవాళ్ళు ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాలి. వేరే రాష్ట్రం వాళ్ళకు అమ్మితే 45 రోజులు గడువు. వాళ్ళకు ఇక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం కూడా కావాలి.

ఇక్కడ ఒక మాట. బ్రోకర్లు ఖాళీ ఫారాలు తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టమ్మా, మిగతాది మేం రాసుకుంటాం" అంటారు. పెట్టకండి. మొన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి ఇవాళ సంతకం నేర్చింది. కొన్నవాళ్ళ పేరు, తేదీ, ధర రాసి ఉన్న కాగితం మీదే ఆ సంతకం పెట్టాలి.

కారు అప్పగించిన రోజు తేదీ, గంట రాసి కొన్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకోండి. వాళ్ళ ఆధార్ నకలు ఉంచుకోండి. ఆర్.సి.లో పేరు మారాక ఆ నకలు కూడా తెచ్చిమ్మనండి. అద్దం మీద ఫాస్టాగ్ ఉంటే బ్యాంకుకు చెప్పి ఆపించండి. లేకపోతే వాళ్ళు టోల్‌గేటు దాటితే మన ఖాతాలో డబ్బు పోతుంది.

రెండో దారి: డీలరుకు ఇవ్వడం, మార్పిడి చేయడం

కొత్త బండి కొంటే షోరూము వాళ్ళు పాతది తీసుకుని ధర తగ్గిస్తారు. పాత బండ్లు కొని అమ్మే డీలర్లు కూడా ఉన్నారు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన వచ్చింది. డీలరుకు రవాణా శాఖ గుర్తింపు ఉండాలి. అట్లాంటి డీలరుకు కారు అప్పగించినట్టు ఫారం 29సి లో రవాణా శాఖకు తెలిపితే, అప్పటినుంచి కారు బాధ్యత డీలరుది. "మీకు గుర్తింపు ఉందా? ఫారం 29సి వేస్తారా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

మూడో దారి: విడి భాగాలుగా అమ్మడం

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లకు, తలుపులకు, చక్రాలకు గిరాకీ ఉంది. కానీ కారు విప్పేస్తే ఆర్.సి. మన పేరు మీద బతికే ఉంటుంది. దొంగలు మన నంబరును దొంగ కారుకు తగిలించుకోవచ్చు. అందుకని కారు పనికిరాకుండా పోయింది అని 14 రోజుల్లోపల ఆర్.టి.ఓ. ఆఫీసుకు రాసి, ఆర్.సి. అప్పగించి, రద్దు చేయించాలి. పాత ఇనుం కొట్టుకు ఇచ్చినా ఇదే పని చేయాలి.

నాలుగో దారి: గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికి ఇవ్వడం

కదలని కారుకు ఇదే నికరమైన దారి. వీటికోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. ఆర్.సి., ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. కారు మీద అప్పు ఉండకూడదు. అది దొంగ బండి కాదని వాళ్ళు రికార్డులో చూస్తారు. ధర కుదిరాక కారు తీసుకుని డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది జాగ్రత్తగా దాచుకోండి. కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అవుతుంది. రోడ్డు పన్నులో కూడా తగ్గింపు ఉంటుంది. సొంత బండికి 25 శాతం దాకా, కిరాయి బండికి 15 శాతం దాకా ఇవ్వవచ్చని కేంద్రం చెప్పింది. ఎంత ఇచ్చేదీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

ఈ కేంద్రంలో ముందు ఆయిలు, పెట్రోలు, గ్యాసు తీస్తారు. బ్యాటరీ వేరు చేస్తారు. తర్వాతే ఇనుము విప్పుతారు. ఛాసిస్ నంబరు ముక్కను కోసి దాచిపెడతారు. ఇక ఆ నంబరు వేరే కారుకు ఎక్కదు. చివర ఆర్.సి. రద్దయిందో లేదో తప్పకుండా అడిగి తెలుసుకోండి.

ఐదో దారి: దానం

దగ్గర్లో ఐ.టి.ఐ. ఉంటే మోటారు మెకానిక్ నేర్చుకునే పిల్లలకు పాత ఇంజను పనికొస్తుంది. తీసుకుంటారేమో ప్రిన్సిపాలును అడగండి. దానమిచ్చినా ఆర్.సి. పని మాత్రం మనదే.

ఈ పనులు చేయకండి

ఇంట్లో బ్యాటరీ పగలగొట్టకండి. పాత బ్యాటరీని అమ్మిన దుకాణానికే ఇవ్వండి. ఆయిలును కాలవలో పోయకండి. టైర్లు తగలబెట్టకండి. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. కారును తోసుకుపోయి ఊరి బయట వదిలేయకండి. అది ఎక్కడున్నా మీ పేరు మీదే ఉంటుంది.

లెక్క చేద్దాం

మారుతీ 800 కారు బరువు సుమారు 650 కిలోలు. స్క్రాప్ ధర కిలోకు 25 రూపాయలనుకుందాం.

650 × 25 = 16,250 రూపాయలు.

కారును మోసుకుపోవడానికి 3,000 ఖర్చు అనుకుందాం.

16,250 – 3,000 = 13,250 రూపాయలు.

మోసుకుపోయే ఖర్చు ఎవరిదో ముందే అడగాలి. చూశారా, ఒక్క ప్రశ్న విలువ మూడు వేలు! ధర రోజూ మారుతుంది. మీరు అమ్మే రోజు ధర కనుక్కుని ఈ లెక్క మళ్ళీ చేయండి.

గుర్తుంచుకుందాం

కారు పోవడం సగం పని. పేరు పోవడం మిగతా సగం.
రాసి ఉన్న కాగితం మీదే సంతకం పెడదాం.
ప్రతి కాగితానికి నకలు ఉంచుకుందాం.
పిల్లలు ఎక్కకుండా కారుకు తాళం వేద్దాం.

చదవండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో బండి ఎవరి పేరు మీద ఉంది? ఆర్.సి. చూసి రాయండి.
2. మీ వీధిలో కదలని బండ్లు ఎన్ని ఉన్నాయి? వాటికి తాళాలు ఉన్నాయా?
3. మీ పేరు మీద ఉండి అమ్మేసిన బండి ఏదైనా ఉందా? పేరు మారిందో లేదో ఈ వారమే కనుక్కోండి.