షుగరు జబ్బు – కన్ను – సెల్‌ఫోను

బెల్లానికి పేరుపొందిన మన అనకాపల్లిలో షుగరు జబ్బు పేరు వినని ఇల్లు లేదు. అయితే ఆ జబ్బు కంటికి కూడా వస్తుందంటే చాలామంది నమ్మరు. "చూపు బాగానే ఉంది కదా, కళ్ళ పరీక్ష ఎందుకురా?" అని మా పెదనాన్నే అంటాడు. అందుకే ఇది రాస్తున్నాను.

కంటి లోపల వెనక వైపు రెటీనా అనే పల్చని పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ దానిమీదే పడుతుంది. దానిలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఉంటాయి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ నాళాలు పాడై నీరు, నెత్తురు కారుతాయి. ముదిరితే కొత్త నాళాలు పిచ్చిమొక్కల్లా పుట్టి, చిట్లుతాయి. దీన్నే డయాబెటిక్ రెటినోపతి అంటారు. నొప్పి ఉండదు. మొదట్లో చూపు కూడా తగ్గదు. అదే దీనితో వచ్చిన చిక్కు! ముందే తెలిస్తే లేజరుతోనో, కంటిలో ఇచ్చే ఇంజక్షన్లతోనో చూపు నిలబెట్టవచ్చు. పోయిన చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం.

మరి సెల్‌ఫోను ఏం చేస్తుంది? షుగరు యాప్ మాత్రల వేళకి గంట కొడుతుంది, షుగరు, బీపీ అంకెలు దాచిపెడుతుంది, పరీక్ష తేదీ గుర్తుచేస్తుంది. మంచిదే. కాని కొండ మీద ఊళ్ళల్లో సిగ్నల్ దొరకదు, పెద్దవాళ్ళకి చదువు రాదు. అలాంటిచోట మనం నోటుబుక్కులో రాసిపెట్టినా అదే పని జరుగుతుంది.

కొన్ని యాప్‌లలో మన లెక్కల పుస్తకం పేజీలాంటి గళ్ళ బొమ్మ ఉంటుంది. ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూడాలి. గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తిన్నగా కనిపించాయని జబ్బు లేదనుకోవద్దు.

రెటీనాని ఫోటో తీయాలంటే ఉత్త ఫోను చాలదు, వేరే లెన్సు కావాలి. అలాంటి ఫోటోలు చూసి జబ్బు గుర్తుపట్టడం కంప్యూటరుకి కూడా నేర్పారు. 2016లో గూగుల్ వాళ్ళు ప్రకటించిన పరిశోధనలో 1,28,175 ఫోటోలతో నేర్పారట! వాటిలో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ఫోటోలు కూడా ఉన్నాయి. అయినా వైద్యం చేసేది డాక్టరే.

పెద్దవాళ్ళలో షుగరు ఉందని తేలగానే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించాలి. విశాఖలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. పరీక్షకి కంట్లో చుక్కలు వేస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు. ఒంటరిగా బస్సెక్కి రావడం కష్టం. కాబట్టి ఎవరైనా తోడు వెళ్ళాలి. గొడుగు, పాత షుగరు చీటీలు తీసుకెళ్ళండి.