బొమ్మ చక్కఁగా నుండఁగా లెక్క చెడుట

పాస్కల్ వంటి పైభాషలో వ్రాసిన ప్రోగ్రాము నడుమఁ గొన్ని పంక్తులను యంత్రమునకు మిక్కిలి చేరువయగు అసెంబ్లీ భాషలో వ్రాయు పద్ధతి కలదు. 1990లో వెలువడిన టర్బో పాస్కల్ 6.0 ఇందుకు వీలు కల్పించినది. ఆ కాలమునఁ దెరపై బొమ్మలు వేగముగాఁ గదలవలెనన్న నిట్టి పంక్తులు తప్పనిసరి యగుచుండెడివి. డాస్‌బాక్స్ సాయమున నేఁటి కంప్యూటర్లయందును ఆ ప్రోగ్రాములను నడుపవచ్చును గనుక, యంత్రము లోపలి తీరు విద్యార్థులకుఁ దెలుపుటకై మేము దీనినే యెంచుకొంటిమి.

ఐ.బి.ఎం. వారు 1987లో వెలువరించిన వి.జి.ఏ. తెరవిధములలో నొకదానియందు అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలు గలవు. చుక్కకొక బైటు చొప్పున చిత్రమంతయు 64,000 బైట్లు. ఒక సెగ్మెంటునకుఁ బట్టునవి 65,536; కావునఁ జిత్రమంతయు నందే యిమిడిపోవును. చిత్రమును ముందు సాధారణ స్మృతిలో సిద్ధపఱచి, పిమ్మట రెండేసి బైట్లుగా 32,000 మార్లు తెరస్మృతికిఁ దరలించుట వాడుక.

ఈ తరలింపులో, తీసికొనవలసిన చోటును డి.ఎస్. అను రిజిస్టరు చూపవలెను. చిక్కంతయు నిచ్చటనే. పాస్కల్ తన గ్లోబల్ చరములనన్నిటిని ఆ డి.ఎస్. ఆధారముననే వెదకుకొనును. మన పంక్తులు దానిని మార్చి యథాస్థితికిఁ దేకున్నచో బొమ్మ చక్కఁగానే కనఁబడును. తరువాత నెచ్చటనో ఆటలోని లెక్క తాఱుమాఱగును. వీధి మొగనున్న పేరు పలకను ఎవరో మార్చిపోయినట్లు: ఇండ్లలో లోపము లేదు, టపా బంట్రోతు మాత్రము తప్పు గుమ్మము తట్టును.

విద్యార్థులు లెక్క చెడిన చోటనే తప్పు వెదకుదురు. అది సహజమే. దానికంటెఁ గీడైనది, ఆ లెక్కను లోకల్ చరములోనికి మార్చి, తప్పు పోయినదని సంతసించుట. లోకల్ చరములు ఎస్.ఎస్. ఆధారమున నుండును గనుక చెడవు. తప్పు పోలేదు, దాఁగినది. అట్టి సమాధానమునకు మేము మార్కులీయము.

మొదట అసెంబ్లీ పంక్తులను దొలగించి నడిపి చూడవలెను. లెక్క సరిపడినచో ననుమానము వానిపైకిఁ బోవును. అప్పుడు వానిని మరల నుంచి, వానికి ముందున్న డి.ఎస్. విలువను ఒక లోకల్ చరమునందును, పిదపనున్న విలువను వేఱొకదానియందును వ్రాసికొనవలెను. డిసెగ్ అను ఫంక్షను ఆ విలువ నిచ్చును. వెంటనే ముద్రింపఁబూనరాదు, ఏలయన ముద్రించు సాధనము సైతము చెడిన డి.ఎస్.నే నమ్మియుండును. మొదటి విలువను డి.ఎస్.లోఁ దిరిగి యుంచి, తెరను అక్షరవిధమునకు మార్చి, అటుపిమ్మటఁ జూడవలెను. రెండు సంఖ్యలు భిన్నమైనచో దోషి దొరికినట్లే.

దీనికి మందు చిన్నది: తొలుత పుష్ డి.ఎస్., తుదను పాప్ డి.ఎస్. అయితే డి.ఎస్. మాఱిన పిదప పాప్ వచ్చువఱకు గ్లోబల్ చరము నొకదానినైనను బలుకరింపరాదు. అందువలన తెర సెగ్మెంటగు ఏ000ను ఇ.ఎస్. రిజిస్టరులోనికి ముందే యెక్కించి, డి.ఎస్.ను కట్టకడపట మార్చుట మేలు.