తోళ్లు పదును చేసిన తండ్రి



పశువులకు దొమ్మరోగము రాకుండ టీకాలు వేయించునపుడును, పిచ్చికుక్క కరచినవానిని ఆసుపత్రికి గొనిపోవునపుడును, రోగము లేనివని నమ్మి పట్టుపురుగుల గ్రుడ్లు కొనునపుడును మనము లూయీ పాశ్చరను ఫ్రెంచి శాస్త్రజ్ఞునికి ఋణపడుచున్నాము. ఆయన పేరు మన బడిపిల్లలుకూడ నెఱుగుదురు. ఆయన తండ్రిని ఎఱిగినవారు మాత్రము అరుదు. ఆ తండ్రి ఒక చిన్న పట్టణములో తోళ్లు పదును చేసి, అమ్ముకొని బ్రతికిన సామాన్య వృత్తికారుడు. ఈ మాసము ఆయన జీవితమును మన సభ్యుల యెదుట నుంచుట యుక్తమని తలచితిమి.

జీన్ జోసెఫ్ పాశ్చరు 1791వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు తూర్పుభాగమందలి బెజాన్సోను పట్టణమున జన్మించెను. ఆ వంశమువారు పూర్వము భూమితోపాటు ప్రభువునకు కట్టుబడిన వెట్టివారు. జోసెఫు తాత 1763లో నాలుగు బంగారు నాణెములు చెల్లించి, ప్రభువుచేత విడుదలపత్రము వ్రాయించుకొనెను. వెట్టిచాకిరి కథలను పెద్దలనోట విన్న మనకు ఆ పత్రము విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ తాత తోళ్లపని చేపట్టెను. కుమారుడును అదియే చేసెను. మనుమనికిని అదియే వృత్తియయ్యెను.

చిన్ననాటనే తల్లిదండ్రులు పోగా జోసెఫును నాయనమ్మయు, మేనత్తలును పెంచిరి. ఆయనకు అబ్బిన చదువు కొంచెమే. 1811లో నెపోలియను సైన్యమునకు ఆయనను బలవంతముగ చేర్చుకొనిరి. స్పెయిను దేశమున పోరాడి, 1814లో స్వదేశరక్షణకై జరిగిన యుద్ధములలో పరాక్రమము చూపి, గౌరవపతకమును పొందెను. నెపోలియను పదవి కోల్పోయిన పిదప ఇల్లు చేరి మరల తోళ్లతొట్టి దగ్గఱ నిలిచెను. అపుడు సాలిన్ పట్టణాధికారి పాత సిపాయీల కత్తులన్నియు అప్పగింపుడని ఆజ్ఞాపించెను. ఆయనయు తన కత్తి నిచ్చివేసెను. కాని ఆ కత్తియే ఒక పోలీసు జవాను నడుమున వ్రేలాడుచుండగా చూచి సహింపలేక, వానిపై దుమికి దానిని లాగికొనెను. ఊరంతయు కలవరపడినది. అయినను ఆ కత్తిని తిరిగి తీసికొనుటకు ఎవరును సాహసింపలేదు. మితభాషియగు ఆ మనుష్యుని ఆత్మగౌరవ మట్టిది.

ఆయన యింటికెదురుగ ఏటి ఆవలియొడ్డున ఒక తోటమాలి కుటుంబముండెను. ఉదయముననే తోటలో పనిచేయుచుండు ఆ యింటి పడుచును చూచి మెచ్చి, 1816లో ఆమెను పెండ్లాడెను. దంపతులు దోల్ పట్టణమునకు పోయి, తోళ్లపనివారు నివసించు వీథిలో కాపురము పెట్టిరి. అక్కడ 1822 డిసెంబరు 27వ తేదీన లూయీ పుట్టెను. కొన్ని యేండ్లకు ఆర్బ్వా పట్టణమున ఏటియొడ్డున, వంతెన ప్రక్కన, తోళ్లపనికి అనువైన యింటికి వచ్చి స్థిరపడిరి.

ఈ సీమనుగూర్చి ఒక్కమాట. అది జూరా కొండల ప్రాంతము. చీజు అను గట్టి జున్ను చక్రమొక్కటి చేయుటకు సుమారు 400 లీటర్ల పాలు కావలెను. ఒక్క రైతు పాడి చాలదు. కావున అక్కడి పల్లెలవారు శతాబ్దములనుండి పాలు ఒకచోట పోసికొని, కలసి జున్ను చేయుచున్నారు. ఆర్బ్వా ద్రాక్షరైతులును 1906లో సహకారసంఘము నేర్పఱచుకొనిరి. మనబోటివారి ఊరే యది.

తోళ్లపని ఎట్టిదో మన గ్రామములవారికి తెలియును. పచ్చితోలును సున్నపునీటిలో నానవేయవలెను, వెండ్రుకలు గీకవలెను, చెట్టు బెరడు వేసిన తొట్లలో నెలల తరబడి ఊరవేయవలెను. మనవారు తంగేడుచెక్క వాడినట్లే అక్కడివారు ఓకుచెట్టు బెరడు వాడెడివారు. చేతులు పగులును, వాసన యింటిని విడువదు. తొందరపడినవానికి తోలు పాడగును. ఓర్పే ఆ వృత్తికి మూలధనము. జోసెఫు ఆ ఓర్పు గలవాడు. కల్లంగళ్లకు పోయెడివాడు కాడు. ఆదివారము శుభ్రమైన కోటు తొడిగి, పతకపు పట్టీ ధరించి, ఒంటరిగ నడచివచ్చెడివాడు. కుమారుడు చదివి ఆర్బ్వా పాఠశాలలో ఉపాధ్యాయుడైన చాలునని ఆయన కోరిక.

1838లో లూయీని పారిసు నగరమునకు చదువునకై పంపిరి. పదునైదేండ్ల బాలుడు, ఇల్లు విడిచి యుండలేకపోయెను. తండ్రి తోళ్లదొడ్డి వాసన ఒక్కసారి పీల్చిన చాలునని తోడివానితో చెప్పుకొనెనట. నెల దాటకముందే తండ్రి అంత దూరము ప్రయాణముచేసి వచ్చెను. మందలింపలేదు, హేళన చేయలేదు. నిన్ను తీసికొనిపోవ వచ్చితినని మాత్రము చెప్పి, ఇంటికి తోడుకొనిపోయెను. పంపిన డబ్బు వ్యర్థమాయెనని బిడ్డను కొట్టు తండ్రులను మనమెందఱినో చూచితిమి. ఆ దినమున జోసెఫు కోపించియుండిన ఆ బాలుడు చదువునే ద్వేషించియుండునేమో! తరువాత అతనిని దగ్గఱనున్న బెజాన్సోను పాఠశాలలో చేర్చిరి. తోళ్లు అమ్ముటకు అక్కడి సంతకు పోయినపుడెల్ల తండ్రి కుమారుని చూచివచ్చెడివాడు. ధైర్యము చిక్కిన లూయీ మరల పారిసు చేరి, 1843లో గొప్ప విద్యాలయమున ప్రవేశించెను.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది ఇది. జోసెఫునకు తన చదువు తక్కువయను వెలితి యుండెను. దానినెఱిగిన కుమారుడు, చెల్లెలికి నేర్పుటకను నెపముతో, పారిసునుండి వ్యాకరణపాఠములు, లెక్కలు తండ్రికి వ్రాసి పంపుచుండెను. పగలంతయు తొట్లయొద్ద శ్రమించిన ఆ తండ్రి, రాత్రి దీపము ముందు కూర్చుండి వాటిని తాను ముందుగ నేర్చుకొని, పిమ్మట కూతునకు చెప్పెడివాడు. గడ్డము నెరసిన పిదప కుమారునికి శిష్యుడగుటకు ఆయన సిగ్గుపడలేదు.

1865లో ఫ్రాన్సు దక్షిణసీమయందు పట్టురైతులు నాశనమగుచుండిరి. పురుగుల మేనిపై మిరియపుపొడి చల్లినట్లు మచ్చలు పడి, గూడు కట్టకుండనే చచ్చుచుండెను. ఆ రోగమును పరిశోధింప జూన్ నెలలో లూయీ అలేస్ పట్టణమునకు పోయెను. కొద్దిదినములకే తండ్రికి ప్రమాదముగ నున్నదని తంతివార్త వచ్చెను. బయలుదేఱి ఇల్లు చేరునప్పటికి తండ్రి కన్నుమూసియుండెను. 1848లో తల్లి కడపటిచూపును ఆయనకు ఇట్లే తప్పిపోయినది. తండ్రి తనను చెడుసావాసములకు దూరముగ నుంచి, పని యలవాటు చేసెనని ఆయన దుఃఖముతో భార్యకు వ్రాసెను. పిదప మరల పట్టురైతులయొద్దకు పోయెను. అనేక వత్సరములు శ్రమించి, గ్రుడ్లుపెట్టిన తల్లిచిలుకను నూఱి సూక్ష్మదర్శినితో పరీక్షించి, రోగముగల గ్రుడ్లను వేఱుచేయు పద్ధతిని స్థిరపఱచెను. హిందూపురము, మడకశిర ప్రాంతముల రైతులు కొను గ్రుడ్లకు నేటికిని ఆ పరీక్షయే రక్ష. ఆ తండ్రి మరణశయ్యయొద్ద కుమారుడు లేకపోవుటకు కారణము రైతుల కష్టము. ఆ ఋణము రైతుజాతిది.

దొమ్మరోగపు టీకా మహిమను 1881లో బహిరంగముగ చూపి, ఆయన లోకప్రసిద్ధుడయ్యెను. 1883 జూలై 14న దోల్ పట్టణమున తాను పుట్టిన యింటికి స్మారకఫలకము పెట్టిననాడు ఆయన కన్నీరు నిలుపుకొనలేకపోయెను. కష్టమైన వృత్తిలో దీర్ఘకాల మోర్పు వహించుట ఏమి చేయగలదో తండ్రియే తనకు చూపెననియు, ఎల్లప్పుడు నేర్చుకొనుచుండుట ఆయనయొద్దనే యలవడెననియు సభలో చెప్పుకొనెను. తోళ్లవాని కొడుకునని దాచలేదు. అదియే తన గౌరవమని చాటెను.

మనమాట ఏమి? మోటబావుల కాలమున తోలుబాన లేనిదే మన పొలమునకు నీరు పాఱలేదు. ఆ బాన కుట్టినవానిని మాత్రము ఊరికి వెలుపలనే యుంచితిమి. పంపులు వచ్చి బానలు పోయినవి. వాడ మాత్రము చాలచోట్ల ఊరవతలనే మిగిలినది. ఆ వాడలలో ఎన్ని దీపముల ముందు ఎందఱు తండ్రులు బిడ్డలకొఱకు నేర్చుకొనుచున్నారో మనము అడిగి యెఱుగము.

కావున సభ్యులకు మా మనవి రెండే మాటలు. పిల్లవాడు చదువులో తొట్రుపడి ఇల్లు చేరిననాడు కోపింపక, అతని పుస్తకమును ప్రక్కన కూర్చుండి తెఱచి చూడుడు. ప్రతి సంఘపు కార్యవర్గమును రాబోవు సమావేశమున సభ్యుల పట్టికను తెఱచి, అందు తోలుపని కుటుంబములవారు ఎందఱున్నారో లెక్కింపుడు. లేకున్నచో ఆ వాడకు మీరే నడచిపోయి పిలువుడు.