చెరలో ఉన్నవాడి హక్కు
నడిసంద్రపు ఓడలలో బందీల గోడు – మదీనా ఇచ్చిన సమాధానం

యుద్ధంలో ఓడిపోయిన మనిషి చేతిలో ఆయుధం ఉండదు, పక్కన బంధువు ఉండడు. అతని ప్రాణం, పరువు పూర్తిగా శత్రువు దయపై ఆధారపడి ఉంటాయి. ఒక జాతి నాగరికతను కొలవాలంటే దాని కోటలను చూడనక్కరలేదు. తన చేతికి చిక్కిన బందీని అది ఎలా చూసుకున్నదో చూస్తే చాలు. ఈ పరీక్షలో అనేక సామ్రాజ్యాలు ఓడిపోయిన చోటు సముద్రం. ఎందుకంటే అక్కడ చూసే కన్ను లేదు, వినే చెవి లేదు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిష్ సేనలు న్యూయార్క్ తీరాన పాత యుద్ధనౌకలను చెరసాలలుగా మార్చాయి. వాటిలో పేరుమోసినది ‘జెర్సీ’. సుమారు 400 మంది నావికుల కోసం కట్టిన ఆ ఓడలో వెయ్యిమందికి పైగా బందీలను కుక్కారు. గాలి లేదు, శుభ్రమైన నీరు లేదు. మశూచి, విరేచనాలు వ్యాపించాయి. ప్రతి ఉదయం శవాలను పైకి తెచ్చి ఒడ్డున ఇసుకలో పూడ్చేవారు. ఆ యుద్ధంలో రణరంగాన నేలకొరిగిన అమెరికన్ల కన్నా ఈ ఓడలలో మరణించినవారే ఎక్కువని చరిత్రకారుల అంచనా.

రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఇదే జరిగింది. 1942 సెప్టెంబరు చివర ‘లిస్బన్ మారు’ అనే జపాన్ ఓడ సుమారు 1,800 మంది బ్రిటిష్ యుద్ధఖైదీలతో హాంకాంగ్ నుంచి బయలుదేరింది. అందులో ఖైదీలున్నారని తెలిపే గుర్తేదీ లేకపోవడంతో అమెరికా జలాంతర్గామి దానిపై టార్పెడో ప్రయోగించింది. ఓడ మునుగుతుండగా కావలివారు బందీలున్న అరల మూతలను బిగించివేశారు. 800 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సమీప దీవులలోని నిరుపేద చైనా జాలరులు తమ చిన్న పడవలతో వచ్చి వందలాదిమందిని కాపాడారు. సింగపూర్‌లో పట్టుబడిన భారతీయ సైనికులను సైతం జపాన్ వేల సంఖ్యలో ఇలాగే ఓడలలో న్యూగినీ వైపు దీవులకు వెట్టిచాకిరికి తరలించింది.

హైదరాబాద్ నుంచి కాలాపానీకి

ఈ చరిత్ర మన ముంగిటికీ వచ్చింది. అమీర్‌పేట మైత్రీవనం వద్ద శిక్షణకేంద్రాలలో చదువుకునే మన యువకులు అక్కడ మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ చేరుకుంటారు. ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల ప్రాంగణంలోని పురాతన సౌధమే నాటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఢిల్లీ వైపు సాగేందుకు నిరాకరించి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదా ఖాన్, ఆయన సహచరులు 1857లో అక్కడ నిర్బంధంలో ఉన్నారు. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన ప్రజలు ఆ రెసిడెన్సీపై దాడి చేశారు. బందీల విడుదలే వారు లేవనెత్తిన ప్రధానమైన కోరిక.

దాడి విఫలమైంది. పట్టుబడిన తుర్రెబాజ్ ఖాన్ చెర నుంచి తప్పించుకున్నా, 1859 జనవరిలో తూప్రాన్ సమీపంలో హతులయ్యారు. మౌల్వీ అల్లావుద్దీన్ గారిని అదే సంవత్సరం సముద్రం దాటించి అండమాన్‌కు పంపారు. అక్కడే ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికే 1858 మార్చి 10న ‘సెమిరామిస్’ అనే ఓడ 200 మంది ఖైదీలను పోర్ట్ బ్లెయిర్‌లో దించింది. మహాపండితులు అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ గారిని 1859లో ‘ఫైర్ క్వీన్’ ఓడలో అక్కడికే చేర్చారు. 1861లో ఆయన అక్కడే కన్నుమూశారు. ఆ ఇళ్లలో ఎందరు తల్లులు, ఎందరు భార్యలు రాని ఉత్తరం కోసం ఎదురుచూశారో!

బద్ర్ బందీలు

ఇప్పుడు మదీనా వైపు చూద్దాం. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం ముగిసేసరికి సుమారు 70 మంది ఖురైషీయులు బందీలయ్యారు. ముస్లిములను సొంత ఊరి నుంచి తరిమివేసినవారు వారే. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని ఏ చీకటి గుహలోనూ దాచలేదు. సహాబాల ఇళ్లకు పంచి, మంచిగా చూసుకోవాలని ఆదేశించారు. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) సోదరుడు అబూ అజీజ్ అలాంటి బందీయే. తనను ఉంచుకున్న అన్సారులు రొట్టెను తనకిచ్చి, తాము ఖర్జూరాలతో సరిపెట్టుకునేవారని ఆయనే తరువాత చెప్పారు.

ఆ బందీలలో ప్రవక్త (స) గారి పినతండ్రి హజ్రత్ అబ్బాస్ కూడా ఉన్నారు. కట్లు బిగుసుకొని ఆయన మూలుగుతుంటే ప్రవక్త (స) కు నిద్ర పట్టలేదు. ఇది గమనించిన ఒక సహాబీ ఆ కట్లు వదులు చేశారు. సంగతి తెలిసిన ప్రవక్త (స), బందీలందరి కట్లూ వదులు చేయాలన్నారు. తన రక్తబంధువుకు ఒక న్యాయం, ఇతరులకు మరొక న్యాయం ఆయనకు లేదు. చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారు పదిమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల పొందారు.

యమామా నాయకుడు సుమామా బిన్ ఉసాల్‌ను బంధించి తెచ్చినప్పుడు మస్జిదె నబవీ స్తంభానికి కట్టి ఉంచారు. అది శిక్ష కాదు, సాక్ష్యం. ప్రవక్త (స) ప్రతిరోజూ ఆయనను పలకరించేవారు. ముస్లిముల నమాజును, నడవడిని ఆయన కళ్లారా చూశారు. మూడవ రోజున షరతులేవీ లేకుండా విడుదలైన ఆయన, స్నానం చేసి వచ్చి స్వచ్ఛందంగా ఇస్లాం స్వీకరించారు.

దివ్యఖుర్ఆన్ ‘అద్దహ్ర్’ సూరాలో పుణ్యాత్ముల గుణాలను వర్ణిస్తూ, నిరుపేదతో, అనాథతో పాటు బందీని కూడా పేర్కొన్నది. వారికి అన్నం పెట్టేవారు ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ ఆశించరని తెలిపింది. నాడు ఆ బందీ ఎక్కువగా శత్రువే అన్న సంగతి మరువరాదు.

ప్రపంచ దేశాలు ఈ పాఠాన్ని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాయి. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం యుద్ధఖైదీలను నేలపై మాత్రమే, ఆరోగ్యకరమైన కట్టడాలలోనే ఉంచాలని శాసించింది. బందీని నలుగురి కంటికి దూరం చేయడమే దౌర్జన్యానికి తొలిమెట్టు అని ఆ నియమం ఒప్పుకుంటున్నది.

మన వంతు

యుద్ధనౌకలు మన చేతిలో లేవు. కానీ కంటికి కనిపించని బందీలు మన ఊళ్లలోనూ ఉన్నారు. మన దేశపు జైళ్లలో ఉన్నవారిలో మూడింట రెండొంతులకు పైగా ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. జామీను సొమ్ము లేక, న్యాయవాది దొరకక మగ్గేవారు అనేకులు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టమని, రోగిని పరామర్శించమని, బందీని విడిపించమని ప్రవక్త (స) ఒకే మాటలో బోధించారు. మొదటి రెండింటినీ మనం ఎంతో కొంత పాటిస్తున్నాం, మూడవదాన్ని మరచాం. మన మొహల్లాలో ఎవరి కుమారుడో, ఎవరి భర్తో జైలులో ఉంటే ఆ ఇంటి తలుపు తట్టడానికి వెనుకాడుతున్నాం. వారి పిల్లల ఫీజు కట్టడం, ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ వద్దకు ఆ తల్లిని తీసుకువెళ్లడం, ములాఖత్ రోజున తోడుగా నిలవడం – ఇవన్నీ మనకు సాధ్యమైన పనులే. నేరం తేల్చడం న్యాయస్థానం బాధ్యత. ఆ మనిషిని, అతని కుటుంబాన్ని మరచిపోకుండా ఉండడం మన బాధ్యత.

చెరలో మగ్గుతున్నవారి కష్టాలను అల్లాహ్ తేలికపరచుగాక! వారిని మరువని హృదయాలను మనకు ప్రసాదించుగాక! ఆమీన్.