మణికట్టులో నెలవంక

శ్రీశైలం మల్లన్న సిగలో నెలవంక ఉంది. మన మణికట్టులోనూ ఒకటుంది! నెత్తురు అందక అది ఎండిపోతే వైద్యులు ఎలా బతికిస్తారో తెలుసా?

● ఎనిమిది ఎముకల కూర్పు: మణికట్టులో 8 చిన్న ఎముకలు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ముంజేతిని ఆనుకున్న వరసలో నెలవంకలా ఉండేది లూనేట్. లాటిన్‌లో లూనా అంటే చంద్రుడు. దాని పక్కనే బొటనవేలి వైపు ఉండేది స్కాఫాయిడ్. గ్రీకులో స్కాఫే అంటే పడవ.

● కాలువ చివరి పొలం: స్కాఫాయిడ్‌కు నెత్తురు చాలావరకు వేళ్ల వైపు నుంచి లోపలికి వెళ్లి, వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. ఎముక నడుమ విరిగితే వెనక ముక్కకు ధార తెగుతుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువకు గండి పడితే చివరి ఆయకట్టు ఎండిపోయినట్టే, ఆ ముక్క కూడా చచ్చుబడిపోవచ్చు.

● 1910లో రెండు పేర్లు: నెత్తురు అందక లూనేట్ మెత్తబడి కుంగిపోవడాన్ని వియన్నా ఎక్స్‌రే నిపుణుడు రాబర్ట్ కీన్‌బాక్ 1910లో వివరించారు. అందుకే అది కీన్‌బాక్ వ్యాధి. స్కాఫాయిడ్‌కు వచ్చే ఇలాంటి జబ్బును అదే ఏడాది జర్మనీలో గియోర్గ్ ప్రైజర్ వర్ణించారు.

● ఉలి పట్టే చేయి: ఆళ్లగడ్డ శిలా శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ శిల్పుల ప్రతి సుత్తి దెబ్బనూ మణికట్టే మోస్తుంది. కీన్‌బాక్ వ్యాధి అరుదు, దానికి ఒకే కారణమంటూ లేదు. అయినా 20 నుంచి 40 ఏళ్ల మగవారిలో, ఎక్కువగా పనిచేసే చేతికే తరచుగా కనిపిస్తుంది. రెక్కల మీద బతికే ఇంటికి అది పెద్ద దెబ్బ.

● నెత్తురుతో సహా అతుకు: తుంటి నుంచి తీసిన ఎముకను స్కాఫాయిడ్‌లో అతకడం పాత పద్ధతి. ఎండిన ఎముకకు ఒక్కోసారి అది చాలదు. 1991లో అర్జెంటీనా వైద్యుడు కార్లోస్ జైడెంబర్గ్ బృందం కొత్త దారి చూపింది: ముంజేతి ఎముక చివర నుంచి చిన్న ముక్కను, దాన్ని పోషించే రక్తనాళం తెగకుండా, పక్కకు తిప్పి స్కాఫాయిడ్‌లో పొదగడం. లూనేట్‌కూ ముంజేతి నుంచి ఇలాంటి అతుకు వేస్తారు.

● మోకాలి నుంచి మణికట్టుకు: కొందరికి మోకాలి లోపలి వైపు ఎముక ముక్కను రక్తనాళంతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో మణికట్టు నాళాలకు కుడతారు.

● బరువు దించడమూ వైద్యమే: ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక పొట్టిగా ఉంటే లూనేట్‌పై ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు బొటనవేలి వైపు ఎముకను కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తారు.

● పొగ వద్దు: బీడీ, సిగరెట్ నెత్తురు పారడాన్ని తగ్గించి, అతుకు పట్టకుండా చేస్తాయి.

● పొడుం గుంట పరీక్ష: బొటనవేలు బాగా చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. ముక్కుపొడుం పోసుకునే చోటు కాబట్టి వైద్యులు దాన్ని పొడుం డబ్బా అంటారు. శ్రీశైలంలో పాతాళగంగ మెట్ల మీద జారి అరచేయి ఆనించి పడ్డాక అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, బెణుకే అనుకోవద్దు. స్కాఫాయిడ్ విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ తీయించుకోవాలి. ఎంఆర్ఐ ఇంకా ముందే పసిగడుతుంది.

కీలు అరిగిపోయాక ఎంత మంచి అతుకూ ఆదుకోలేదు. ఆళ్లగడ్డ రాయికి నీళ్లు అక్కర్లేదు. ఆ రాయిని చెక్కే చేతిలోని ఎముక మాత్రం నెత్తురు అందితేనే బతుకుతుంది.