సుత్తి దెబ్బకి నేల చెప్పేది ఎంత?

నాది సీఎస్‌ఈ. మట్టితో నా సంబంధం క్రికెట్ ఆడి ప్యాంటుకి పూసుకునేంత వరకే. అలాంటిది మా సివిల్ సీనియర్ అక్క "తమ్ముడూ, ప్రాజెక్ట్ డేటా ఉంది, కోడ్ రాసిపెడతావా?" అంటే వెంటనే ఒప్పేసుకున్నాను. కారణం ఉంది. నాన్న మా ఊళ్ళో పూడ్చేసిన కుంట పక్కన స్థలం కొన్నారు, ఇల్లు కట్టాలి. ఆ పరికరం ఒక్క పూట అడిగి తీసుకెళ్తే సాయిల్ టెస్ట్ ఖర్చు మిగులుతుందని నా ప్లాన్.

పద్ధతి పేరు ఎంఏఎస్‌డబ్ల్యూ. 1999లో కాన్సాస్ జియలాజికల్ సర్వే పరిశోధకులు దీని మీద పేపర్ ప్రచురించారు. గ్రౌండ్‌లో 24 జియోఫోన్లు వరసగా గుచ్చి, ఒక చివర ఇనప పలక మీద పెద్ద సుత్తితో కొడతారు. నేల పైపైన పాకే అలల్లో పొట్టివి పైమట్టికే పరిమితం, పొడుగువి లోతు దాకా వెళ్తాయి. ఏ పొడవు అల ఎంత వేగంతో పోయిందో చూసి, ఏ లోతులో షియర్ వేవ్ వేగం ఎంతో లెక్క కడతాం.

షియర్ వేవే ఎందుకంటే, అది నీళ్ళలో నడవదు. మట్టి రేణువుల మధ్య ఉన్న పట్టు మీదే నడుస్తుంది. వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణించాలి. సెకనుకి 200 మీటర్లు, ఘనపు మీటరుకి 1800 కిలోలు అనుకుంటే 72 మెగాపాస్కల్స్.

ఆ నంబర్ పక్కన నేను గర్వంగా "మట్టి బలం" అని ప్రింట్ చేయించాను. అక్క చూసి నవ్వింది. "ఇది స్టిఫ్‌నెస్ రా, బలం కాదు."

సుత్తి దెబ్బకి మట్టి కదిలేది కంటికి కూడా కనపడనంత. అంత చిన్న కదలికకి ఎంత బిగువుగా ఉందో తెలిసింది, అంతే. ఎంత బరువుకి ఓడిపోతుందో తెలియాలంటే బోరు వేసి, శాంపిల్ తీసి, ల్యాబ్‌లో ఓడించి చూడాలి. అలాంటి ఫలితాలనీ వేగాలనీ పక్కపక్కన పెట్టి గీసిన గ్రాఫ్ నుంచే బలాన్ని అంచనా వేస్తారు. ఒకచోటి మట్టికి గీసిన గ్రాఫ్ ఇంకోచోట తప్పు చెప్పొచ్చు. సున్నంతో అతుక్కున్న మట్టి వేగం ఎక్కువ చూపిస్తుంది, గట్టిగా కదిపితే ఆ అతుకు ఊడిపోవచ్చు.

మరి అలలు దండగా? కాదు. బోరు ఒక్క చోటే చూస్తుంది, అలలు బోరుకీ బోరుకీ మధ్య ఏముందో చూపిస్తాయి. ఎక్కడ మెత్తగా ఉందో తెలిస్తే బోరు అక్కడే వేయొచ్చు.

కోడ్‌లో ఆ పేరు మార్చేసి, నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, స్థలంలో బోరు వేయిద్దాం."

"నీళ్ళకా?"

"కాదు, మట్టికి."