తోడు లేకయే ట్రాక్టరునకు ట్రైలరు తగిలించుట

మన పాఠశాలలో చదువుకొను విద్యార్థులలో పలువురు వ్యవసాయకుటుంబములవారు. కోతల దినములలో తండ్రి ట్రాక్టరును వెనుకకు నడుపుచు, "ఒరే, వచ్చి నొగ పట్టుకొనరా" యని పిలువగా పరుగెత్తని బాలుడు మన గ్రామములలో నరుదు. ట్రైలరునకు ముందు బండినొగవలె పొడుగుగా నుండు ఇనుపభాగమునే యిచ్చట నొగ యనుచున్నాను. దాని కొన నొక ఉంగరము, ట్రాక్టరు వెనుక రెండు పలకల నోరుగల హుక్కు ఉండును. ఉంగరము ఆ నోటిలోనికి వచ్చినపుడు పైనుండి పిన్ను వేయుదురు.

నాకు పండ్రెండేండ్ల ప్రాయమున నేనును అట్లే పిలువబడితిని. ఇటుకలపై నిలిపిన నొగను పట్టుకొని, పిన్ను వేయుటకు సిద్ధముగా నిలిచితిని. మా నాయనగారి పాదము క్లచ్చిపైనుండి జాఱెను. ట్రాక్టరు జానెడు దూరము మాత్రమే యధికముగా వచ్చెను. ఆ జానెడే నా యెడమచేతి చిటికెనవ్రేలి కొనను తీసికొనిపోయెను. ఆ దినమున మా నాయనగారు అన్నము ముట్టలేదు. పిమ్మట నెన్నడును ఆయన ట్రాక్టరునకును ట్రైలరునకును నడుమ నెవ్వరిని నిలువనీయలేదు. ఒంటరిగా తగిలించు పద్ధతిని ఆయన నేర్చెను. ఆయనవలన నేను నేర్చితిని.

ఈ పనిలో చిక్కులు మూడు: ఎత్తు, దిశ, దూరము. నడుపువాడు తన పీటముపైనుండి హుక్కును సరిగా చూడలేడు గనుకనే తోడు కావలసివచ్చుచున్నది. ఈ మూడింటిని ముందుగానే కొలిచి గుఱుతు పెట్టుకొన్నచో తోడుతో పనిలేదు.

మొదట ట్రైలరును సమతలమున నుంచి, రెండు చక్రములకును ముందు వెనుకల చెక్క దిమ్మెలు అడ్డుపెట్టవలెను. రెండుచక్రముల ట్రైలరు తక్కెడ వంటిది. బరువు వెనుక నధికమైనచో నొగ తటాలున పైకి లేచును. ముందు నధికమైనచో నేలకు క్రుంగును. కావున ఖాళీ ట్రైలరును తగిలించి, పిమ్మట బరువు నెక్కించుట మేలు.

ఇక ఎత్తు. సమతలమున నిలిచిన ట్రాక్టరు హుక్కు నేలనుండి యెంత యెత్తున నున్నదో యొక కఱ్ఱతో కొలిచి గాటు పెట్టుకొనుడు. జాకీతో నొగను లేపి, ఉంగరము ఆ గాటునకు సరిగా వచ్చునట్లు నిలుపుడు. ఇటుకల దొంతరను నమ్మరాదు, అది యొరిగిపోవును. నొగ క్రింద చేయిగాని కాలుగాని ఎన్నడును ఉంచరాదు.

రెండవది దిశ. ఉంగరమునకు కొంచెము వెనుకగా నొగపై నొక సన్నని కఱ్ఱను, ట్రైలరు ముందరి పలకకు సరిగా నడుమ మఱియొక పొడుగు కఱ్ఱను నిలువుగా కట్టి, వానికి ఎఱ్ఱని గుడ్డపేలికలు చుట్టుడు. ట్రాక్టరును ఇరువది యడుగుల దూరమున, ట్రైలరునకు తిన్నగా నిలిపి, పీటము నడుమ కూర్చుండి వెనుకకు చూడుడు. రెండు కఱ్ఱలు ఒకటిగా కనబడినచో మీరు సరియైన గీతపై నున్నారు. ఓడలు రేవులోనికి వచ్చునపుడు రెండు దీపములను ఒక వరుసలో చూచుకొని దారి తెలిసికొనుట యీ సూత్రముననే. దగ్గఱి కఱ్ఱ ఏ ప్రక్కకు జరిగినట్లు కనబడునో, ట్రాక్టరు వెనుకభాగము ఆ ప్రక్కకు పోవలెను. వెనుకకు నడుపునపుడు స్టీరింగు చక్రపు పైభాగమును ఏ ప్రక్కకు త్రిప్పిన ఆ ప్రక్కకే వెనుకభాగము పోవును. గీత తప్పినచో దగ్గఱకు వచ్చినపిదప గట్టిగా త్రిప్పక, ముందుకు పోయి మఱల రావలెను.

మూడవది దూరము. అన్నిటికంటె నెమ్మదియైన గేరులో వెనుకకు వచ్చి, జానెడు దూరముండగనే నిలుపుడు. బ్రేకు బిగించి, ఇంజను ఆపి దిగుడు. హుక్కు రంధ్రమునకును ఉంగరపు రంధ్రమునకును నడుమగల దూరమును పుల్లతో కొలువుడు. వెనుకచక్రపు ఇరుసునకు సరిగా క్రింద, టైరు ప్రక్కగా నొక రాయి నుంచుడు. దానికి వెనుక ఆ పుల్లయంత దూరమున రెండవ రాయి నుంచుడు. మఱల నెక్కి, ఇరుసు రెండవ రాతికి సరిగా వచ్చువఱకు నడిపి నిలుపుడు. చక్రము పీటమునుండి కనబడును గనుక ఇది సులభము.

ఇంజను ఆపి తాళము తీసికొని దిగినపిదపనే పిన్ను వేయవలెను. రంధ్రములు కలిసినవో లేదో వ్రేలు పెట్టి చూడరాదు. పిన్ను మొననే పెట్టి చూడుడు. కలియనిచో ట్రాక్టరునే మఱల జరుపవలెను. పిన్నునకు అడుగున తాళపు చీల తప్పక వేయుడు. పిన్నునకు బదులు బోల్టుగాని ఇనుపచువ్వగాని వాడినచో, అది విఱిగి ట్రైలరు త్రోవలో విడిపోవచ్చును. గొలుసును, దీపముల తీగను తగిలించి, జాకీని పైకెత్తుడు. దిమ్మెలు తీయకముందే ట్రాక్టరును మెల్లగా ముందుకు లాగి పట్టు చూచుకొని, ఇంజను ఆపిన పిదప దిమ్మెలు తీయుడు.

మఱియొక హెచ్చరిక. నొగను వెనుక ఇరుసుకంటె ఎత్తైన చోట తగిలింపరాదు. అట్లు చేసినచో బరువు లాగునపుడు ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడవచ్చును.

1946లో ఇంగ్లాండులోని కావెంట్రీ నగరమున ఫెర్గూసను టీ.ఈ.20 ట్రాక్టరుల నిర్మాణ మారంభమయ్యెను. వాని ట్రైలరు ఉంగరమును, నడుపువాడు దిగకయే, నూనె యొత్తిడితో పైకి లేచు హుక్కు ఎత్తుకొనెడిది. నేడు అనేక మోటారుకారులకు వెనుక కెమెరాయును కలదు. అట్టివి లేని మనకు రెండు కఱ్ఱలు, రెండు రాళ్ళు, ఒక జాకీ చాలును. వీనికి పట్టు కాలము పది నిమిషములు.

తలిదండ్రులారా, ఆ పది నిమిషములు లేవని తొందరపడకుడు. విద్యార్థులారా, ఈమాఱు మిమ్ము నొగ పట్టుకొనుటకు పిలిచినచో, "నాయనా, కొంచె మాగుము, కఱ్ఱలు కట్టెదను" అని వినయముగా చెప్పుడు. కఱ్ఱలు కట్టి, దూరముగా నిలిచి చూచుటయే మీరు చేయదగిన సహాయము.